అల చెరిపేలోపు

సముద్ర తాబేళ్ల జాడ పట్టుకుని దేశం తీరాల వెంట కాలినడకన తిరిగిన సతీశ్ భాస్కర్ యథార్థ గాథ

1982 జులై 3. అరేబియా సముద్రం నడుమ, లక్షద్వీపాల్లో సుహేలి వలియకర అనే చిన్న దీవి.

నైరుతి రుతుపవనం జోరు మీదుంది. గాలికి కొబ్బరి మట్టలు విరిగి పడుతున్నాయి. పగడపు దిబ్బ మీద విరుచుకుపడే అలల హోరు రాత్రీ పగలూ ఒకటే తీరు. కంటికి ఆనినంత మేర సముద్రంలో ఒక్క పడవ లేదు. ఈ దీవికి వచ్చిపోయే జాలర్లు, కొబ్బరి దింపుకునేవాళ్లు వానాకాలం మొదలు కాకముందే తమ ఊళ్లకు వెళ్లిపోయారు. మళ్లీ సముద్రం నెమ్మదించేదాకా ఇటు ఎవరూ రారు. రావాలనుకున్నా రాలేరు.

ఆ దీవి మీద ఇప్పుడు ఉన్నది ఒకే ఒక్క మనిషి. వయసు ముప్పై అయిదు. ఈతగాడి భుజాలు, ఎండకు కమిలిన ఒళ్లు. ఆ రోజు అతను ఒక సీసా తీసుకున్నాడు. ఇంటి దగ్గరున్న భార్యకు రాసిన ఉత్తరం అందులో పెట్టి మూత బిగించాడు. ఒడ్డుకు నడిచి, చేతనైనంత దూరం విసిరాడు.

సీసా ఒకసారి మునిగి తేలింది. అల దాన్ని ఎత్తి, అవతలికి దాటించింది.

ఇంట్లో నెలల పసిపాప. ఆ తల్లీబిడ్డలకు తన క్షేమం తెలిపే దారి ఇదొక్కటే. సీసా ఏ ఒడ్డుకు చేరుతుందో, అసలు చేరుతుందో లేదో చెప్పగలవాళ్లు లేరు. అతను మాత్రం వెనక్కి తిరిగి గుడిసె వైపు నడిచాడు. చీకటి పడితే పని ఉంది. దీవి చుట్టూ తిరగాలి. ఒడ్డెక్కిన తాబేళ్లను లెక్కపెట్టాలి.

అవును, అతను వచ్చింది అందుకే. ఎవరూ అడుగుపెట్టని నెలల్లో, ఎవరూ లెక్కపెట్టని తాబేళ్లను లెక్కపెట్టడానికి.

చదువు మానేసిన ఈతగాడు

సతీశ్ భాస్కర్ 1946లో కేరళలోని చేరాయిలో పుట్టాడు. మద్రాసు ఐఐటీలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. ఈ రోజుల్లో ఆ సీటు కోసం మన ఇళ్లలో పిల్లలు ఎన్నేళ్లు నిద్రలు మానుకుంటారో చెప్పనక్కర్లేదు. అతనికి మాత్రం మనసంతా సముద్రం మీదే. చదువు పూర్తి చెయ్యకుండానే బయటికి వచ్చేశాడు.

1970ల మొదట్లో మద్రాసులో రొములస్ విటేకర్ పాముల పార్కు నడుపుతున్నాడు. పాములంటే, మొసళ్లంటే ఇష్టపడే కుర్రాళ్లందరికీ అదొక చావడి. సతీశ్ అక్కడికి చేరాడు. సరీసృపాల గురించి తెలిసినవాళ్లు దేశంలో కొందరున్నారు గానీ, సముద్ర తాబేళ్లనే పనిగా పెట్టుకున్నవాడు లేడు. ఏ తీరంలో ఏ తాబేలు గుడ్లు పెడుతుంది? ఏ నెలలో? ఏడాదికి ఎన్ని? ఈ ప్రశ్నలకు చాలాచోట్ల జవాబు ఖాళీ. ఆ ఖాళీని పూరించే పని సతీశ్ తలకెత్తుకున్నాడు. విటేకర్ వెన్నుతట్టాడు.

అప్పటికి మద్రాసు తీరంలో రాత్రి నడకలు మొదలయ్యాయి. శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకు వచ్చే వేళకు కొందరు కుర్రాళ్లు ఇసుక వెంట మైళ్లకు మైళ్లు నడిచేవాళ్లు. గూడు కనపడితే గుడ్లు తీసి, కుక్కలూ మనుషులూ ముట్టని చోట మళ్లీ పాతేవాళ్లు. ఆ నడకలే సతీశ్‌కు బడి.

అది తాబేలుకు గడ్డుకాలం. మన్నారు సింధుశాఖలో పచ్చ తాబేళ్లను మాంసం కోసం పట్టి అమ్మేవాళ్లు. డేగముక్కు తాబేటి చిప్పతో దువ్వెనలు, డబ్బాలు, గాజులు చేసేవాళ్లు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1977లో సముద్ర తాబేళ్లను అందులోని మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే పులికి ఉన్నంత రక్షణ తాబేలుకూ దక్కింది, కాగితం మీద. కానీ ఎక్కడున్నాయో తెలియని ప్రాణుల్ని ఏ గార్డు కాపలా కాస్తాడు? ఏ అధికారి ఏ తీరాన్ని అభయారణ్యం చెయ్యమని రాస్తాడు?

అందుకే 1977 నుంచి సతీశ్ నడక మొదలుపెట్టాడు. ప్రపంచ వన్యప్రాణి నిధి భారత శాఖ వంటి సంస్థలు ఇచ్చిన కొద్దిపాటి డబ్బు, భుజాన సంచి. కచ్ సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్, నికోబార్. తర్వాతి రెండు దశాబ్దాల్లో అతను కాలినడకన కొలిచిన తీరం 4,000 కిలోమీటర్లని చెబుతారు.

ఇసుక మీద రాత

తాబేళ్లను వెతికేవాడు ముందు నేర్చుకోవలసింది తాబేలును చూడటం కాదు, దాని జాడను చదవటం. తాబేలు ఒడ్డెక్కేది రాత్రి. ఉండేది గంట, రెండు గంటలు. తెల్లారేసరికి మిగిలేది ఇసుక మీద గీత ఒక్కటే. అదీ పోటు వచ్చేదాకానే.

పచ్చ తాబేలు ముందరి తెడ్డుకాళ్లు రెండూ ఒకేసారి వేసి ఒళ్లు ముందుకు ఈడుస్తుంది. జాడకు రెండు పక్కలా గుర్తులు జంటగా, సమానంగా పడతాయి. వెడల్పు మూడడుగుల పైచిలుకు. ఆలివ్ రిడ్లే, డేగముక్కు అలా కాదు. మనం నడిచినట్టు కుడీ ఎడమా మార్చి మార్చి వేస్తాయి. గుర్తులు ఒకటి ఇటు, ఒకటి అటు పడతాయి. ఆలివ్ రిడ్లే ఆరుబయటి ఇసుకలోనే గుంత తవ్వితే, డేగముక్కు పొదల కిందికి దూరుతుంది. ఇక తోలుతాబేలు జాడ చూస్తే ఎవరో ట్రాక్టరు నడిపారనుకుంటాం. ఆరడుగుల వెడల్పు దాకా ఉంటుంది.

జాడ చూసి జాతి చెప్పొచ్చు. ఎక్కిన గీత ఏదో, దిగిన గీత ఏదో చెప్పొచ్చు. గుడ్లు పెట్టిందా, మనసొప్పక తిరిగి వెళ్లిందా అన్నదీ గుంత తీరును బట్టి తెలుస్తుంది. మన ఊళ్లలో పశువుల కాపరి గిట్టల జాడ చూసి తప్పిపోయిన ఆవును పట్టినట్టే ఇదీ. కాకపోతే ఇక్కడ జాడను చెరిపెయ్యడానికి సముద్రం రోజుకు రెండుసార్లు వస్తుంది. ఆ లోపలే మనిషి అక్కడికి చేరాలి. చూసింది రాసుకోవాలి.

సతీశ్ జీవితమంతా ఈ రెండు మాటల్లో ఉంది. చేరటం, రాసుకోవటం.

నికోబార్ అడవి చివర

అండమాన్ నికోబార్ దీవులకు అతను మొదటిసారి వెళ్లింది 1970ల చివర్లో. తర్వాత ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లాడు. వాటిలో అన్నిటికన్నా దక్షిణాన ఉన్నది గ్రేట్ నికోబార్. అక్కణ్ణుంచి మన ప్రధాన భూభాగం కంటే ఇండోనేషియాలోని సుమత్రానే దగ్గర.

ఆ దీవిని ఊహించుకోవాలంటే మన నల్లమలనూ పాపికొండలనూ కాసేపు పక్కన పెట్టాలి. అక్కడ ఆకురాలే కాలమంటూ లేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు వాన. చెట్టు మీద చెట్టు, దాని మీద తీగ, తీగ మీద నాచు. కాండాలు నిటారుగా పైకి పోయి ఎక్కడో ఎత్తున గొడుగు పడతాయి. కింద పట్టపగలే మసక వెలుగు. మనిషెత్తు ఫెర్న్ చెట్లు. మన గోదావరి గట్ల మీది మొగలి పొదలకు దాయాదులైన పాండనస్ చెట్లు. వాటి కాయ నికోబారీలకు తిండి. అడవి లోపల షోంపెన్ తెగవాళ్లు తరతరాలుగా వేట, కాయకసరుల మీద బతుకుతున్నారు. తూర్పు తీరంలో క్యాంప్‌బెల్ బే దగ్గర 1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలను తెచ్చి స్థిరపరిచారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు.

ఆ అడవిలో నదులకు గలతియా, అలెగ్జాండ్రా, డాగ్మార్ అని పేర్లు. గలతియా అన్నది 1846లో అక్కడికి వచ్చిపోయిన డెన్మార్క్ ఓడ పేరు. ఆ నదులు కడలిలో కలిసే చోట విశాలమైన ఇసుక తిన్నెలున్నాయి. సతీశ్‌కు కావలసింది అవే.

అక్కడికి చేరటం తేలిక కాదు. రోడ్డున్నంత మేర రోడ్డు, తర్వాత తీరం వెంట కాలినడక. రాతి గుట్టలు అడ్డొస్తే అడవిలోకి ఎక్కి దిగాలి. నది అడ్డొస్తే ఈదాలి. ఆ నదీముఖాల్లో ఉప్పునీటి మొసళ్లుంటాయి. పదిహేను అడుగులు దాటే ప్రాణులవి. అతను భుజాన ఉన్నదాన్ని తడవకుండా కట్టుకుని నీళ్లలోకి దిగేవాడు. గట్టి ఈతగాడే. అయినా మొసలి ఉన్న నీళ్లలో ఈత గొప్పదనం ఎంతవరకు పనికొస్తుందో అతనికి తెలియంది కాదు.

ఆ తీరపు అడవిలో ఒక పక్షి ఉంది. నికోబార్ మెగాపోడ్. కోడి పరిమాణం, గోధుమ రంగు. అది గుడ్లు పొదగదు. ఇసుకనూ ఎండుటాకులనూ కాళ్లతో చిమ్మి, మనిషి నడుమెత్తు దిబ్బ పోస్తుంది. గుడ్డును అందులో పాతి వెళ్లిపోతుంది. ఎండ వేడి, ఆకులు కుళ్లే వేడి ఆ గుడ్డును పొదుగుతాయి. పిల్ల తనంతట తానే దిబ్బ తవ్వుకుని బయటికి వస్తుంది. అడవి అంచున పక్షి, నాలుగడుగుల అవతల తాబేలు. రెండూ బిడ్డల్ని నేలతల్లికే అప్పగించి వెళ్తాయి. ఆ నేల పాడైతే రెండింటికీ దిక్కు లేదు.

అలాంటి తీరంలో ఒక రాత్రి ఎలా ఉంటుందో చూద్దాం.

డిసెంబరు, జనవరి నెలలు. చంద్రుడు లేడు. అడవిలో కీచురాళ్ల రొద. తీరం వెంట నడిచేవాడు టార్చి వెయ్యడు. వెలుగు పడితే తాబేలు ఒడ్డెక్కకుండానే వెనుదిరుగుతుంది. నక్షత్రాల వెలుగుకు కళ్లు అలవాటు పడతాయి. ఎదురుగా నురగ అంచున నల్లటి బండ ఒకటి కనిపిస్తుంది. ఇందాక లేదే అనుకునేలోపు ఆ బండ కదులుతుంది. ఆగుతుంది. బుసకొట్టినట్టు పెద్ద నిట్టూర్పు.

తోలుతాబేలు. భూమ్మీద ఉన్న తాబేళ్లలో అతి పెద్దది. ఆరడుగుల ఒళ్లు, నాలుగైదు వందల కిలోల బరువు. మిగతా వాటికి లాగా గట్టి చిప్ప లేదు. వీపంతా నల్లటి తోలు, దాని మీద నిలువునా ఏడు గట్లు, అక్కడక్కడా తెల్ల చుక్కలు. నడినెత్తి మీద గులాబీ రంగు మచ్చ. తినేది జెల్లీ చేపల్ని. మునిగితే వెయ్యి మీటర్ల లోతుకు కూడా పోగలదు. అంతటి సముద్రపు రాణి ఇసుక మీద మాత్రం అడుగు తీసి అడుగు వెయ్యటానికి ఆయాసపడుతుంది.

చోటు కుదిరాక అది వెనక తెడ్డుకాళ్లతో గుంత తవ్వుతుంది. ఆ కాలి కొనను దోసిలిలా మడిచి, ఇసుకను పట్టి, పైకెత్తి పక్కన పోస్తుంది. తర్వాత రెండో కాలు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడదు. అయినా గుంత కుండలా గుండ్రంగా, లోపల వెడల్పుగా, మూతి దగ్గర ఇరుకుగా వస్తుంది. గుడ్లు జారటం మొదలైతే ఇక అది లోకాన్ని మరిచిపోతుంది. మనిషి దగ్గరికి పోయి కొలతలు తీసుకోవలసింది అప్పుడే. గుడ్లు ఎనభై, వంద. మీద కొన్ని పచ్చసొన లేని చిన్నవి. కళ్లలోంచి జిగట నీరు కారుతుంటుంది. ఒంట్లో పేరుకున్న ఉప్పును బయటికి పంపే ఏర్పాటు అది. చూసేవాడికి మాత్రం పురిటి నొప్పులు పడే తల్లే కనిపిస్తుంది.

తర్వాత ఇసుక కప్పి, చుట్టూ చిమ్మి, గూడు ఆనవాలు పోగొట్టి, అది సముద్రంలోకి జారుకుంటుంది. తీరం మళ్లీ ఖాళీ. మనిషి చేతిలో మాత్రం కొన్ని అంకెలు మిగులుతాయి.

గ్రేట్ నికోబార్, లిటిల్ నికోబార్ తీరాల్లో ఇలా సతీశ్ కూడగట్టిన అంకెలే తోలుతాబేళ్లకు ఈ దీవులు ఎంత ముఖ్యమో లోకానికి తెలియజెప్పాయి. ఉత్తర హిందూ మహాసముద్రంలో వాటికి మిగిలిన పెద్ద పురుడుగడ్డల్లో ఇదొకటి. 1989లో గ్రేట్ నికోబార్‌లో జీవావరణ రిజర్వు ఏర్పడింది. 1992లో క్యాంప్‌బెల్ బే, గలతియా జాతీయ వనాలయ్యాయి. 1997లో గలతియా తీరం తాబేళ్ల అభయారణ్యమైంది.

అయిదు నెలల ఒంటరి

మళ్లీ 1982కు, సుహేలికి.

లక్షద్వీపాల్లో పచ్చ తాబేళ్లు ముమ్మరంగా గుడ్లు పెట్టేది వానాకాలంలోనని సతీశ్ అంతకుముందే తెలుసుకున్నాడు. వానాకాలంలో సుహేలికి రాకపోకలుండవు. అంటే ఆ దృశ్యాన్ని శాస్త్రం కోసం చూసి రాసినవాళ్లు లేరు. వానలకు ముందే దిగి, వానలు వెనకబట్టేదాకా అక్కడే ఉండటం ఒక్కటే మార్గం. మధ్యలో జ్వరం వచ్చినా, కాలు విరిగినా, పాలపొడి అయిపోయినా చెప్పుకోవటానికి మనిషుండడు. అంతా తెలిసే అతను మే నెలలో ఆ దీవి మీద దిగిపోయాడు.

పచ్చ తాబేలు పెద్దయ్యాక సముద్రపు గడ్డి మేస్తుంది. నెమ్మదైన బతుకు. పిల్ల పుట్టి, పెరిగి, తానే గుడ్లు పెట్టే వయసుకు రావటానికి పాతికేళ్లు పట్టొచ్చు. వచ్చినప్పుడు ఎంతో దూరం ఈది తాను పుట్టిన తావుకే చేరుకుంటుంది. ఒక్కో కాన్పుకు వంద పైన గుడ్లు. పన్నెండు పద్నాలుగు రోజులు సముద్రంలో ఆగి, మళ్లీ ఎక్కి మరో వంద. అలా ఒక కాలంలో నాలుగైదుసార్లు పెట్టి, తర్వాత రెండు మూడేళ్లు కనిపించదు. కాబట్టి ఈ రాత్రి వచ్చిన తాబేలు, పదిహేను రోజుల తర్వాత వచ్చిన తాబేలు ఒకటేనా కాదా అన్నది తేలితేనే లెక్క తేలుతుంది. లేకపోతే ఒకే తల్లిని నలుగురు తల్లులుగా లెక్కపెట్టి, ఎన్నో ఉన్నాయని భ్రమపడతాం.

దానికే లోహపు బిళ్ల. అంకె చెక్కిన చిన్న బిళ్లను పటకారుతో ముందరి తెడ్డుకాలి అంచుకు బిగిస్తారు. మన ఊళ్లలో పశువుల చెవికి బిళ్ల వేసినట్టే. తల్లి గుడ్లు పెట్టి ఇసుక కప్పే వేళ, వానలో, చీకట్లో, ఒంటిచేత్తో ఆ పని చెయ్యాలి. నూట యాభై కిలోల తాబేలు ఒక్కసారి తెడ్డుకాలు విసిరితే మనిషి ఇసుకలో బోర్లా పడతాడు.

రాత్రి నడక, పగలు కొంచెం నిద్ర, లేచి జాడలు చూసి గూళ్లు గుర్తుపెట్టుకోవటం, నోటుపుస్తకంలో ఎక్కించటం. మర్నాడూ అదే. ఆ తర్వాతి రోజూ అదే. మాట్లాడటానికి ఎవరూ లేని నెలలవి. ఒకసారి ఒక తిమింగలపు సొర చచ్చి ఆ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. బస్సంత ఒళ్లు. ఎండకూ వానకూ కుళ్లి, ఆ చిన్న దీవిని కంపుతో నింపేసింది. ఎటు పోయినా ఆ వాసన తప్పలేదు. పారిపోదామంటే చుట్టూ సముద్రమే. అతను ఆ కంపులోనే తిన్నాడు, పడుకున్నాడు, రాత్రయితే తాబేళ్ల కోసం లేచాడు.

ఈ పని ఎందుకింత పట్టుదలగా చేశాడో బయటివాళ్లకు అర్థం కాకపోవచ్చు. ఉద్యోగం కాదు, ఆ లెక్కలకు పెద్ద జీతమూ లేదు. కానీ ఒక్క రాత్రి మానేస్తే ఆ రాత్రి లెక్క మరి దొరకదు. నిన్నటి పంట చేను ఇవాళైనా చూడొచ్చు. నిన్నటి తాబేటి జాడ ఇవాళ ఉండదు. అల తుడిచిపెట్టేసి ఉంటుంది. ఒక జాతి ఉందో, తగ్గిందో, పోయిందో చెప్పగలిగే సాక్ష్యం ఆ గీత ఒక్కటే. దాన్ని చూసిన కళ్లు ఒక్క జత.

ఉత్తరం చేరిన ఒడ్డు

సుహేలి నుంచి బయల్దేరిన సీసా రుతుపవనపు ప్రవాహం పట్టుకుంది. కన్యాకుమారి దిక్కుగా దిగి, ఆ మలుపు దాటి, తూర్పుకు సాగింది. 24 రోజులు. దాదాపు 800 కిలోమీటర్లు.

శ్రీలంక తీరంలో ఒక జాలరికి అది దొరికింది. పనికిరాని సీసా అని పారెయ్యలేదు. తెరిచాడు. లోపల ఎవరో భర్త ఎవరో భార్యకు రాసుకున్న మాటలు. ఆ సముద్రం మీద బతికేవాడికి ఆ ఉత్తరం బరువు తెలుసు. అతను దాన్ని తపాలాలో పంపించాడు. తన తరపున ఒక ఉత్తరం రాసి జతచేశాడు. తన కుటుంబం ఫొటో కూడా పెట్టి, మా ఇంటికి రండని పిలిచాడు.

సతీశ్ ఇంకా దీవి మీదే ఉండగా అతని ఇంటికి ఆ కవరు చేరింది. ఒక తాబేలు గుర్తుపట్టి ఈదే ఆ ప్రవాహాలే ఒక మనిషి క్షేమ సమాచారాన్ని మోసుకొచ్చాయి. మోసుకొచ్చినదాన్ని ఇంటిదాకా చేర్చింది మాత్రం ఒక పేద జాలరి మంచితనం. సముద్రం ఒడ్డున బతికేవాళ్లందరూ ఒక ఇంటివాళ్లేనని చెప్పటానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి!

వానలు వెనకబట్టాక సతీశ్ సుహేలి నుంచి ఇల్లు చేరుకున్నాడు. కొన్నాళ్లకే మళ్లీ సంచి సర్దాడు. 1984లో ఇండోనేషియాలోని పశ్చిమ పాపువా తీరానికి వెళ్లి వందలాది తోలుతాబేళ్లకు బిళ్లలు వేశాడు. 1990లలో అండమాన్‌లోని సౌత్ రీఫ్ అనే దీవి మీద డేగముక్కు తాబేళ్ల కోసం నెలల తరబడి మకాం పెట్టాడు. దాని పక్కనే ఇంటర్‌వ్యూ దీవి. కలప వ్యాపారం దివాలా తీశాక ఓ కంట్రాక్టరు వదిలేసి పోయిన ఏనుగులు అక్కడ అడవి ఏనుగులుగా మారి తిరుగుతుంటాయి. పక్కనున్న చిన్న సౌత్ రీఫ్ మాత్రం దేశంలో డేగముక్కు తాబేళ్లకు అతి ముఖ్యమైన తావుల్లో ఒకటని సతీశ్ లెక్కలే తేల్చాయి. ఆ తాబేలు పగడపు దిబ్బల్లో స్పాంజీలను తిని దిబ్బను శుభ్రంగా ఉంచుతుంది. దాని వీపు మీది తేనెరంగు పలకల కోసం మనుషులు శతాబ్దాల పాటు దాన్ని చంపారు.

2004 డిసెంబరు 26

ఆ ఉదయం సుమత్రా పక్కన సముద్రగర్భం కదిలింది. సునామీ అలలు నికోబార్ దీవుల్ని ముంచెత్తాయి. వేలమంది ప్రాణాలు పోయాయి. గ్రేట్ నికోబార్ దక్షిణపు కొస నాలుగు మీటర్ల దాకా కిందికి దిగిపోయింది. ఆ కొసనే ఉన్న ఇందిరా పాయింట్ దగ్గర దీపస్తంభం చుట్టూ సముద్రం చేరింది. గలతియా తీరపు ఇసుక తిన్నెలు కొట్టుకుపోయాయి. మెగాపోడ్ దిబ్బలూ పోయాయి.

తాబేళ్ల కథ అక్కడితో ముగిసిందని చాలామంది భయపడ్డారు. కానీ సముద్రం తీసుకున్న ఇసుకను ఏళ్ల మీద మళ్లీ కొద్దికొద్దిగా తెచ్చి పోసింది. తోలుతాబేళ్లు తిరిగొచ్చాయి. అవి తిరిగొచ్చాయని ఎలా చెప్పగలిగాం? సునామీకి ముందు ఎన్ని వచ్చేవో రాసి ఉంది కాబట్టి. సతీశ్, అతని తర్వాత వచ్చినవాళ్లు మోకాలి లోతు నీళ్లలో, వానలో రాసుకున్న అంకెలు ఉన్నాయి కాబట్టి. నిన్నటి లెక్క లేకపోతే ఇవాళ్టి సంఖ్యకు అర్థం ఉండదు.

లిటిల్ అండమాన్‌లో తర్వాతి తరం పరిశోధకులు కొన్ని తోలుతాబేళ్లకు ఉపగ్రహ పరికరాలు అమర్చారు. కొన్ని ఆస్ట్రేలియా పశ్చిమ తీరం వైపు పోయాయి. కొన్ని హిందూ మహాసముద్రాన్ని అడ్డంగా దాటి ఆఫ్రికా తీరందాకా, పది వేల కిలోమీటర్లకు పైగా ఈదాయి. మన దీవి మీద పురుడు పోసుకునే తల్లి మూడు ఖండాల నీళ్లకు ఆడపడుచు అన్నమాట.

ఇప్పుడు ఆ గలతియా తీరానికి ఇంకో పరీక్ష వచ్చింది. అక్కడ భారీ ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం, విద్యుత్ కేంద్రం కట్టాలన్నది ప్రభుత్వ పథకం. 2021 జనవరిలో గలతియా తాబేళ్ల అభయారణ్యం హోదాను తొలగించారు. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. 130 చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని ఇందుకు మళ్లిస్తారు. దేశ రక్షణకూ వ్యాపారానికీ ఆ చోటు కీలకమని ఒక వాదం. అలాంటి అడవిని, ఆ తీరాన్ని మళ్లీ చెయ్యలేమని, షోంపెన్‌ల బతుకు చెదురుతుందని ఇంకో వాదం. వాదం ఎటు తేలినా, అక్కడ ఏముందో తెలియక పోగొట్టుకున్నామని మాత్రం మనం అనలేం. ఏముందో ఒక మనిషి నడిచి, ఈది, చూసి, రాసి పెట్టాడు. ఇవాళ ఆ తీరం తరపున మాట్లాడేవాళ్లు చేతపట్టుకునే కాగితాల అడుగున ఆ అంకెలున్నాయి.

మన ఒడ్డు

2010లో గోవాలో అంతర్జాతీయ సముద్ర తాబేళ్ల సదస్సు జరిగింది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన పరిశోధకుల మధ్య సతీశ్ భాస్కర్‌ను సత్కరించారు. ఆయన అప్పటికే గోవాలో స్థిరపడి, తీరాల నడక మానుకుని చాలా కాలమైంది. చాలామంది కుర్ర పరిశోధకులకు ఆ పేరు పాత నివేదికల్లో కనపడే పేరు మాత్రమే. మనిషిని ఎదురుగా చూడటం వాళ్లకు పెద్ద పండగ. 2023 మార్చి 22న ఆయన కన్నుమూశారు. ఆ మరుసటి ఏడు ఆయన మీద తైరా మలానీ తీసిన ‘టర్టిల్ వాకర్’ చిత్రం వచ్చింది.

ఈ కథ మనకెందుకు? శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మనకున్న తీరం మీద ఏటా శీతాకాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డెక్కుతాయి. కూర్మావతారానికి గుడి కట్టి పూజిస్తున్న శ్రీకూర్మం ఆ తీరానికి దగ్గర్లోనే ఉంది. కోరంగి మడ అడవుల ముందు, కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్ ఇసుక మీదా అవి గుడ్లు పెడతాయి. అదే నెలల్లో విశాఖ, కాకినాడ ఒడ్లకు చచ్చిన తాబేళ్లు కొట్టుకొస్తాయి. ట్రాల్ వలలో చిక్కి, పైకొచ్చి ఊపిరి పీల్చుకునే వీలు లేక మునిగిపోయినవి. ఉబ్బిన మెడ, తెరుచుకున్న నోరు. పొద్దున్నే నడకకు వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని పక్కనుంచి పోతారు.

అక్కడే మరికొందరుంటారు. అటవీ శాఖ దినకూలీలు, మత్స్యకార కుర్రాళ్లు, కాలేజీ పిల్లలు. తెల్లవారుజామున మూడింటికి లేచి, టార్చి ఆర్పుకుని ఇసుక వెంట నడుస్తారు. గుర్తులు కుడీ ఎడమా మారి మారి పడ్డ గీత కనిపిస్తే వంగి చూస్తారు. కర్రతో సుతిమెత్తగా గుచ్చి గూడు పట్టుకుంటారు. గుడ్లను తెచ్చి కంచె కట్టిన ఇసుకలో పాతి, తేదీ, సంఖ్య రాసిన చీటీ పెడతారు. ఇసుక వేడిని బట్టి లోపల ఆడపిల్లలో మగపిల్లలో తయారవుతుంటాయి. వేడెక్కిన ఇసుకలో ఎక్కువగా ఆడవే పుడతాయి. నెలన్నర, రెండు నెలలు గడిచాక ఒక రాత్రి ఆ ఇసుక కుంగుతుంది. అరచేతిలో ఇమిడే నల్లటి పిల్లలు వందకు పైగా పైకొచ్చి, సముద్రం మెరిసే వైపు పాకుతాయి. వీధి దీపాల వెలుగు ఉంటే దారి తప్పి రోడ్డు వైపు పోతాయి.

ఆ కుర్రాళ్లలో చాలామంది సతీశ్ భాస్కర్ పేరు విని ఉండరు. అయినా వాళ్లు నడుస్తున్నది ఆయన నడిచిన దారే. ఈ శీతాకాలంలో మీరు ఏ తీరానికి వెళ్లినా ఒక్కసారి తెల్లవారకముందే లేచి ఇసుక మీదికి రండి. టార్చి వెయ్యకండి. నురగ అంచు నుంచి పైకి పోయిన గీత కనపడితే ఆగండి. ఎన్నో వేల కిలోమీటర్లు ఈది ఒక తల్లి రాసిపెట్టి వెళ్లిన ఉత్తరం అది. పోటు వచ్చేస్తోంది. అల చెరిపేలోపు చదివి, రాసుకునేవాడొకడు ఆ ఒడ్డున ఉండాలి.